పొగచుక్క వైపు చూడని బాబాయి

మంగళవారం పొద్దున మా ఇంటి బౌదీ నేను పనిచేసే బ్యాంకుకు ఫోను చేసింది. బౌదీ అంటే బెంగాలీలో వదిన. మా ఇంటి యజమానురాలైన ఆవిడ వీధి మొత్తానికీ వదినే. "మీ కాకు ఇక లేరు" అని ఒక్క మాట చెప్పి, నేనేదో అడిగేలోపు ఆవిడే ఏడవడం మొదలుపెట్టింది. కాకు అంటే బాబాయి. కింది వాటాలో ఉండే మా బాబాయి తెల్లవారుజామున ఆసుపత్రిలో పోయారు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి తొమ్మిది రోజులు మంచం మీద ఉన్నారు. నేను ఫోను పెట్టేసి, ఎదురుగా నిలబడ్డ మనిషి కాగితం మీద సంతకం చేసి, అతను వెళ్ళాక కూడా కుర్చీలోంచి లేవలేకపోయాను. దుఃఖం ఒక్కటే అయితే లేచేదాన్నే. అందులో భయమూ సిగ్గూ కలిశాయి. ఎందుకో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. మా బాబాయి కళ్ళు చారెడేమీ కావు. చిన్నవి, ఒకదానికి శుక్లం ఆపరేషను అయింది, రెండోదానికి చేయించుకోనని మొండికేశారు. మనిషి పొట్టి. కోపం ఎక్కువ. టీలో పంచదార తక్కువైతే కప్పు అక్కడే పెట్టేసి వెళ్ళిపోయేవారు. ఆయన గొప్పవారని చెప్పడానికి నాకు ఏ ఆధారమూ లేదు. నాకు ఆయన కావలసినవారు, అంతే.

సొంత బాబాయి కూడా కారు. మాది బందరు, ఆయనది సోంపేట దగ్గర ఒక పల్లె. పదహారేళ్ళకే మేనమామ వెంట కలకత్తా వచ్చి, మునిసిపాలిటీ దీపాల విభాగంలో చేరి, జీవితమంతా వీధిదీపాలు వెలిగించి, రిటైరయ్యాక ఊరికి దిగువన నది ఒడ్డునున్న బడ్జ్ బడ్జ్‌లో రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. నేను బదిలీ మీద ఒక్కదాన్నే వచ్చి అదే ఇంటి పైవాటాలో దిగాను. మెట్ల దగ్గర తెలుగు మాట వినపడగానే ఆయన నాకు బాబాయి అయిపోయారు. వీధి పిల్లలు మాత్రం ఆలో దాదూ అనేవాళ్ళు, అంటే దీపాల తాత.

అలా పిలవడానికి కారణముంది. రోజూ సంధ్యవేళ ఆయన గుమ్మంలో నిలబడి వీధిలో దీపాలన్నీ వెలిగేదాకా చూసేవారు. పెదాలు కదిలేవి, లెక్కపెట్టేవారన్నమాట. పదకొండూ వెలిగాకే లోపలికి వెళ్ళి టీ పెట్టుకునేవారు. ఒకటి వెలగకపోతే ఆ సాయంత్రం టీ లేదు, పక్కవీధి దీపాల ఆఫీసుకు వెళ్ళి పోట్లాట. రిటైరైన మనిషికి ఇదేం పని అని బౌదీ నవ్వేది. నేనూ నవ్వాను.

మా అసలు పరిచయం డాబా మీద తిట్లతో మొదలైంది. తిట్టింది నేను, తిట్లు తిన్నది వీధిదీపం. నాకు ఆకాశాన్ని ఫోటో తీసే పిచ్చి ఉంది. చలికాలం సాయంత్రాల్లో వరసగా మూడు చుక్కలు కనిపిస్తాయి కదా, మా నాయనమ్మ గొల్లకావిడి అనేది, అవి ఉన్న మనిషి ఆకారాన్ని బెంగాలీలు కాలపురుష్ అంటారు. ఆ మూడు చుక్కల కింద అతని కత్తి వేలాడుతుంటుంది. కత్తి మధ్యలో ఉన్నది చుక్క కాదు, వెలిగే మబ్బు, నీహారిక. అంత కాంతిగల నీహారిక మన ఇళ్ళ మీద ఇంకొకటి దొరకదు. కనక ఊరి వెలుగుల మధ్య నుంచి కూడా దాన్ని పట్టొచ్చని పుస్తకాల్లో ఉంటుంది. పుస్తకాలు రాసినవాళ్ళు బడ్జ్ బడ్జ్ రాలేదు. ఒక పక్క చమురు డిపో దీపాలు, ఇంకో పక్క జనపనార మిల్లు, నడుమ సరిగ్గా మా డాబాకు దక్షిణాన ఈ పాతకాలపు పసుపు దీపం. తీసిన ప్రతి ఫోటో పసుపునీళ్ళలో ముంచినట్టు వచ్చేది.

"ఆ దీపం ఏటి సేసినాదమ్మా నిన్ను?" అని వెనకనుంచి వినపడింది. ఆరేసిన లుంగీ తీసుకోవడానికి వచ్చారు.

"దీన్ని ఒక్క గంట ఆర్పించాలంటే ఎవరికి చెప్పాలి బాబాయ్?"

ఆయన మొహం మాడిపోయింది. "ఆ మాట అనకు. మునిమాపు ఏళ దీపాన్ని ఆర్పడమేటి? కొండెక్కిందంటే అది దాని ఇష్టం. మనం ఎక్కించకూడదు."

దీపం ఆరిందనకుండా కొండెక్కిందనడం మా ఇంట్లోనూ ఉన్నదే. కానీ వీధిస్తంభం మీద దీపాన్ని కూడా అలా అనే మనిషిని నేను అప్పుడే చూశాను. ఇంతకీ ఏం తీస్తున్నావని అడిగారు. కత్తి మధ్యలో మబ్బు అని చెప్పాను. లుంగీ మడతపెడుతున్న చేతులు ఆగిపోయాయి.

"పొగచుక్క" అన్నారు. "దాన్ని ఫోటో తియ్యొచ్చేటి? రంగు కూడా వస్తాదా?"

వస్తుందన్నాను. ఎర్రగా, అంచుల్లో కొంచెం నీలంగా. అయితే తియ్యమన్నారు. ఒక్కటే షరతు, దీపం వెలుగుతుండగానే తియ్యాలి. పోయేలోపు దాన్ని ఒక్కసారి రంగులో చూడాలని ఉందన్నారు. నేను సరదాకి పైకి చెయ్యి చూపించి, రంగు లేకుండా అయితే ఇప్పుడే చూడొచ్చు కదా అన్నాను. ఆయన చూడలేదు. మెట్లు దిగి వెళ్ళిపోయారు.

మర్నాటి సాయంత్రం నుంచి తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చునేవారు. కుర్చీ ఎప్పుడూ ఉత్తరం వైపే. వెనక ఆకాశంలో కాలపురుషుడు నిలబడి ఉంటే ఈయన వాడికి వీపు పెట్టి, నా కెమెరా తెర వైపు మాత్రం వంగి చూసేవారు. మొదట నడుం నొప్పి అనుకున్నాను. ఒకసారి కుర్చీ నేనే దక్షిణం వైపు తిప్పి పెట్టాను, ఆయన వెంటనే మళ్ళీ తిప్పుకున్నారు. ఆ తిప్పుకోవడంలో ఏదో ఉంది. మళ్ళీ ఆ పని చెయ్యలేదు.

నాకు తెలియనివి చాలా ఆయనకు తెలుసు. ఉద్యోగంలో ఎక్కువ ఏళ్ళు మెటియాబ్రుజ్‌లో గడిపారు. వీధి నిండా దర్జీల కొట్లు. ఈ పసుపు దీపాలు కొత్తగా వేసిన రోజుల్లో దర్జీలు ఆయన్ని తిట్టేవారట, దాని కింద నీలం దారమూ ఎర్ర దారమూ ఒక్కలాగే కనపడుతున్నాయని. "ఈ దీపం కాడ ఉన్నది ఒకటే రంగమ్మా. ఆ ఒక్కటీ ఒడకట్టీ, మిగిలినవన్నీ నీకు దొరుకుతాయి" అన్నారు. నేను మూడు నెలలు పుస్తకాలు తిరగేసి తెలుసుకోనిది అదే. సరిగ్గా ఆ పసుపును అడ్డుకునే ఫిల్టరు తెప్పించాను. పాత దీపపు రేకు డొప్పను కత్తిరించి, లోపల నల్ల రంగు వేసి, లెన్సుకు గొట్టంలా ఆయనే తొడిగారు. పక్కనుంచి పడే వెలుగు సగం తగ్గింది. మొదటిసారి తెర మీద మబ్బు రెక్క ఒకటి లేత గులాబీ రంగులో కనపడింది. ఆయన తెరకు ముక్కు ఆనించి చూసి, ఇంకా బాగా రావాలన్నారు.

ఈ పనిలో ఒక ఫోటో చాలదు. ముప్ఫై సెకన్లవి వందలకొద్దీ తీసి, కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చాలి. ఒక్కసారే కనిపించిన విమానం, మిణుగురు, గాలి వణుకు అందులో కొట్టుకుపోతాయి, ప్రతిసారీ కనిపించింది మిగులుతుంది. చివర్న లెన్సుకు మూతపెట్టి మరికొన్ని తియ్యాలి. కటిక చీకటిలోనూ కెమెరాకు కొన్ని చుక్కలు కనిపిస్తాయి. అవి దాని భ్రమలు. వాటిని పట్టుకుని అసలు ఫోటోలోంచి తీసేస్తాం. ఈ మూత ఫోటోలంటే బాబాయికి ఎందుకో మహా ఇష్టం. మూత తనే పెట్టేవారు, తీసేదాకా చేత్తో పట్టుకునే కూర్చునేవారు. "ముందు నీ కన్ను ఏ అబద్దం సెప్తాదో తెలుసుకో, ఆనక ఆకాశాన్ని నమ్ము" అనేవారు. ఒక రోజు మూత పట్టుకుని ఉండగానే, "మనిషికి ఇలాటి మూత నేదు కదా. కళ్ళు మూసినా కనపడేవి అలగే ఉండిపోతాయి" అన్నారు. నేను లాప్‌టాప్‌లో తలదూర్చి ఉన్నాను. ఊఁ అన్నాను.

ఈ జనవరిలో దీపానికి ముసలితనం వచ్చింది. ఆ రకం దీపాలు చివరి రోజుల్లో కాసేపు వెలిగి, వేడెక్కి, తమంతట తామే ఆరి, చల్లబడి, రెండు మూడు నిమిషాలకు మళ్ళీ అంటుకుంటాయట. బాబాయే చెప్పారు. నాకైతే పండగే. దీపం ఆరగానే దక్షిణపు ఆకాశం ఒక్కసారి లోతెక్కేది. ఆ రెండు నిమిషాల ఫోటోల్లో మబ్బు రెండు రెక్కలూ, వాటి మధ్య చీకటి గండీ, అంచున నీలి పొరా, అన్నీ వచ్చేవి. వెలుతురులో గంటసేపు తీసినా రానివి అవి.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. దీపం ఆరిన మరుక్షణం బాబాయి కుర్చీలోంచి లేచేవారు. ఆ మనిషి అంత వేగంగా మెట్లు దిగగలరని నేననుకోలేదు. వీధి మలుపులో, స్తంభం పక్కన, చేతిలో టార్చి పట్టుకుని నిలబడేవారు. దీపం మళ్ళీ వెలిగాక పైకి వచ్చేవారు, మళ్ళీ ఆరితే మళ్ళీ దిగేవారు. ఒక సాయంత్రంలో ఆరేడుసార్లు. పైనుంచి వంగి చూస్తే చీకట్లో తల, భుజాలు కనపడేవి కావు. నేల మీద వెలుగు గుండ్రం ఒక్కటే కనపడేది, దాంట్లోంచి జనం ఒక్కొక్కరే నడిచి వెళ్ళేవారు. అది చూస్తే నాకు చలి పుట్టేది. పైగా ఆ టార్చి వెలుగు ఎదురింటి సున్నపుగోడ మీద పడి నా లెన్సుకు తగిలేది. ఆ రెండు నిమిషాల ఫోటోలన్నిటికీ కింది ఎడమ మూల బూడిద రంగు మరక పడేది.

"బాబాయ్, రెండు నిమిషాల్లో కొంప మునగదు. మీ టార్చితో నా ఫోటోలు పాడవుతున్నాయి" అని విసుక్కున్నాను.

"నీ ఫోటో మల్లీ తీసుకోవచ్చు" అన్నారు, అంతే.

దీపం మార్చమని ఆయన ఆఫీసుకు మూడుసార్లు వెళ్ళారు. మూడోసారి వెళ్ళిన మర్నాడే దీపాల ఫోర్‌మన్ మా బ్యాంకుకు వచ్చాడు, అతని ఖాతా మా దగ్గరే. ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి. నేను అతన్ని కూర్చోబెట్టి టీ తెప్పించి, మా వీధి దీపం చలికాలం వెళ్ళేదాకా మార్చకుండా ఉంచగలరా అని అడిగాను. అతను పగలబడి నవ్వాడు. "మార్చమని అడిగేవాళ్ళనే చూశాను దీదీ. మార్చకపోవడం మాకు కష్టమా?" అన్నాడు. నేనూ నవ్వాను. తరవాత బాబాయి నాలుగోసారి వెళ్ళినప్పుడు సరుకు రాలేదని చెప్పి పంపారు. ఆ సాయంత్రం ఆయన ఆ మాట నాకు చెప్పి ఆఫీసువాళ్ళను తిడుతుంటే, తల ఊపుతూ విన్నాను.

ఒక రోజు నది మీదనుంచి పొగమంచు దట్టంగా దిగింది, ఫోటోలు లేవు. అయినా ఆయన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఉన్నట్టుండి చెప్పడం మొదలుపెట్టారు. "నేను పోయినాక ఎవులికైనా సెప్పుకో, అంతవరకూ వొద్దు" అని ముందే మాట తీసుకున్నారు. పోయారు కనక చెబుతున్నాను.

అది కలకత్తాలో గంటలు గంటలు కరెంటు పోయే కాలం. సాయంత్రం లోడ్‌షెడ్డింగ్ అయితే దీపాలవాడికి పని లేదు, మెటియాబ్రుజ్ వీధిలో అరుగు మీద కూర్చుని ఆకాశం చూసేవారు. అలా చూసి చూసి పొగచుక్కను కనిపెట్టారు. అప్పుడే పెళ్ళయి పల్లెనుంచి వచ్చిన భార్యకు దాన్ని చూపించాలని ఆశ. ఆవిడను తీసుకుని డాబా ఎక్కితే ఆ వారమంతా కరెంటు పోలేదు.

"వీధి ఫ్యూజు నా సేతిలోనే ఉన్నాది కదమ్మా. ఊడబీకినాను. బీడీ కాల్సినంత సేపు, అంతే అనుకున్నాను. అది పైకి సూసి ఎంత బాగున్నాదో అన్నాది. అంటండగానే కింద సప్పుడైనాది."

రేవునుంచి వచ్చిన లారీ వెనక్కి తిరుగుతోందట. కుట్టిన చొక్కాల మూట కట్టుకుని సైకిలు మీద ఒకతను వస్తున్నాడు, కాజాలు కుట్టేవాడు.

"ముందు పరిగెత్తుకెల్లి ఫ్యూజు ఎట్టినాను. మనిషి కాడికి కాదు, ఫ్యూజు కాడికి. దీపాలు ఎలిగినాయి. ముందు సొక్కాలే కనపడినాయి, వీధి నిండా, సేతులు సాపుకుని పడుకున్నట్టు. ఎంతమంది పోయినారో అనుకున్నాను. ఒక్కడే. అందరూ లోడ్‌షెడ్డింగ్ అన్నారు. ఆ రోజుల్లో సీకటి ఎందుకయినాదని ఎవులూ అడగరు. నన్నూ అడగనేదు. ఎవులైనా అడిగితే సెప్పీసుందునమ్మా. అడగనేదు."

అప్పటినుంచి ఆయన పొగచుక్క వైపు చూడలేదు. ముప్ఫై ఏళ్ళు. ఆయన భార్య మళ్ళీ డాబా ఎక్కలేదు. కళ్ళు మూసుకుంటే ఆ మబ్బులో నోరు తెరిచిన మొహం ఒకటి కనపడుతుందనీ, అది నిజంగా అక్కడ ఉందో తన కంటి అబద్ధమో తెలుసుకోకుండా పోవడం ఇష్టం లేదనీ చెప్పారు. అందుకే ఫోటో. అందుకే వెలుతురులో తియ్యాలన్న షరతు. "దీపం దొంగ కోసం కాదమ్మా, పడిపోయినోడు కనపడాలని" అని లేచి, మెట్లు తడుముకుంటూ దిగిపోయారు. పొగమంచులో దీపం అప్పుడే మళ్ళీ ఆరింది. కింద టార్చి వెలగడం విన్నంత స్పష్టంగా తెలిసింది నాకు.

ఇది విన్న మనిషి మర్నాడు పొద్దున్నే ఫోర్‌మన్‌కు ఫోను చెయ్యాలి. నేను చెయ్యలేదు. ఇంకో రెండు మంచి సాయంత్రాలు దొరికితే ఆయనకు ఇవ్వవలసిన ఫోటో పూర్తవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన కోసమే అని కూడా చెప్పుకున్నాను. నిజానికి ఆ నీలి పొర నాకు కావాలి. రెండు సాయంత్రాలు నాలుగయ్యాయి. నాలుగు సాయంత్రాలూ ఆయన మంచులో తడుస్తూ మలుపులో నిలబడ్డారు. ఐదో రోజు జ్వరం. ఆరో రోజు నేనూ బౌదీ టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

ఆయన ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఒక శనివారం ఆకాశం అద్దంలా ఉంది. చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, నేను డాబా ఎక్కి కెమెరా పెట్టాను. దానంతటది తీసుకుంటుంది కదా అని పెట్టి, కిందికి వచ్చి ఆదివారం చూపించాల్సిన ఫోటోను తయారు చేస్తూ కూర్చున్నాను. పసుపు తీశాను, భ్రమలు తీశాను, మూల ఉన్న బూడిద మరకలు కత్తిరించాను. ఎర్రటి రెక్కలు, నీలి అంచు, అన్నీ వచ్చాయి. అంత అందమైన ఫోటో నేను ఇంతవరకూ తియ్యలేదు. దాంట్లో సగానికి పైగా దీపం ఆరినప్పటి చీకటి ఫోటోలే.

ఆదివారం ఆసుపత్రి మంచం మీద ఆయన ముందు లాప్‌టాప్ తెరిచాను. చూడబోయే ముందు అడిగారు, "దీపం ఎలగతండగా తీసిందేనా?"

"అవును బాబాయ్."

ఆయన చాలాసేపు చూశారు. వేలు తెర మీద పెట్టి రెండు రెక్కల మధ్య గండి దగ్గర ఆపారు. "ఇదేటి? నోరు తెరిసినట్టున్నాది."

"ధూళి. వెలుగుకు అడ్డంగా నల్లటి ధూళి ఉంది. అందరి ఫోటోల్లోనూ ఉంటుంది."

"అందరికీ కనపడతాదా?"

"అందరికీ."

ఆయన ఊపిరి వదిలారు. అది తేలికపడ్డ మనిషి ఊపిరే అని ఇప్పటికీ నమ్ముతున్నాను, నమ్మాలి. తరవాత తెర మీదినుంచి చూపు తీయకుండానే అన్నారు, "ఇది సీకటి ఫోటో అమ్మా. ఆ దీపం నాకు తెలీదేటి? నలభై ఏళ్ళు ఎలిగించినోన్ని. పోన్లే. ఎవులికైనా దెబ్బ తగిలిందా?"

"లేదు బాబాయ్."

"నిన్న ఏడుమాట్లు కొండెక్కినాది కదా. ఏడుమాట్లూ ఎవులికీ ఏటీ కానేదు" అని కళ్ళు మూసుకున్నారు.

జ్వరంలో మాట అనుకున్నాను. శనివారం ఫోటోలు అప్పటికి నేను చూడనేలేదు. ఇంటికి వచ్చి వరసగా తెరిచాను. దీపం ఏడుసార్లు ఆరింది. రెండుసార్లు లెక్కపెట్టాను. బ్యాంకులో పనిచేసేదాన్ని, లెక్క తప్పను. ఆరిన ఏడుసార్లూ, ప్రతి ఫోటోలో, కింది ఎడమ మూల బూడిద రంగు మరక ఉంది. దీపం వెలిగిన ఫోటోల్లో లేదు. మూత ఫోటోలు తీసి కెమెరా భ్రమేమో చూశాను. వాటిలోనూ లేదు. శనివారం సాయంత్రం వీధిలో ఎవరైనా టార్చి పట్టుకుని నిలబడ్డారా అని బౌదీని అడిగాను. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఆ ఫోటోలు మళ్ళీ తెరవలేదు, చెరపనూ లేదు. ఆ రాత్రి లైటు వేసుకుని పడుకున్నాను.

ఫోర్‌మన్ సంగతి ఆయనకు చెప్పాలనుకున్నాను. సోమవారం సాయంత్రం వెళ్ళేసరికి మాట లేదు, ముక్కుకు గొట్టం ఉంది. చెయ్యి పట్టుకుని కూర్చుని, చెప్పకుండా లేచి వచ్చాను. ఆయన నన్ను అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని అనుకుంటున్నాను. ఆ మాట ముందు ఎవరన్నారో నాకు తెలుసు.

మంగళవారం మధ్యాహ్నం టికియాపారా రైల్వే క్వార్టర్లనుంచి ఆయన మేనల్లుడు వచ్చి జరగాల్సినవి జరిపించాడు. నేను వీధిలోనే నిలబడి ఫోర్‌మన్‌కు ఫోను చేశాను. చలికాలం ఇంకా వెళ్ళలేదు కదా దీదీ అన్నాడు. ఈ రోజే మార్చాలి అన్నాను. నా గొంతులో ఏం విన్నాడో, సాయంత్రం నాలుగింటికి నిచ్చెన వేసుకుని తనే వచ్చాడు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. నేను మనిషి పోయాక దీపం పెట్టించాను.

కొత్త దీపం తెల్లది, చాలా పెద్దది. ఒక్క రంగు కాదు, అన్ని రంగులూ ఉన్న వెలుగు, దాన్ని ఏ ఫిల్టరూ ఒడకట్టలేదు. మా డాబా మీద ఇప్పుడు పేపరు చదువుకోవచ్చు. కాలపురుషుడి భుజాలూ మోకాళ్ళూ లీలగా తెలుస్తాయి గానీ, కత్తి లేదు. ఇక్కడినుంచి ఇక ఆ మబ్బును తియ్యడం కుదరదు. కెమెరా పెట్టెలో పెట్టేశాను.

వారం రోజులుగా సంధ్యవేళ నేను పైనుంచి వీధిని చూస్తున్నాను. మలుపు దగ్గర గులకరాయి కూడా కనపడేంత వెలుగు. జనపనార మిల్లు షిఫ్టు దిగినవాళ్ళు, బజారు సంచులతో ఆడవాళ్ళు, సైకిళ్ళు, అందరూ ఆ దారినే వస్తారు. స్తంభం పక్కన, ఆయన నిలబడే చోట, ఇప్పుడు ఏమీ లేదు. ఖాళీ నేల. అక్కడికి వచ్చేసరికి సైకిళ్ళు కొంచెం పక్కకు తప్పుకుంటున్నాయి. నడిచేవాళ్ళూ అంతే, భుజం ఒక్క పిసరు వంచి, ఎవరికో తగలకుండా వెళ్ళినట్టు వెళ్తున్నారు.